పురుగు తిన్న తాటాకు, అమ్మమ్మ అడ్డపొగ

(చెన్నైలో మన తెలుగువాళ్లు నెలకోసారి కలుసుకునే సభలో, జీవరసాయన శాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన ఒక అధ్యాపకురాలి ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. ఇంత ఉక్కలో, అదీ ఆదివారం పూట, డీఎన్ఏకి తగిలే దెబ్బల గురించి వినడానికి వచ్చారంటే మీ ఓపికకి దణ్ణం పెట్టాలి. వెనక వరసకి వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి. పాఠాలు చెప్పిన గొంతే, పెంచగలను.

డీఎన్ఏ అనగానే మెలి తిరిగిన నిచ్చెన బొమ్మ చూపిస్తారు. నేను చూపించను. నేను తాటాకుల దగ్గర మొదలుపెడతాను. మన మద్రాసులో ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఉంది, 1869 నుంచీ ఉంది. మెకంజీ దొర సేకరించినవీ, మన బ్రౌన్ దొర సేకరించినవీ తాళపత్రాలు అక్కడికే చేరాయి. మీలో ఎంతమంది చూశారు? ముగ్గురా? సరే. నేను ఉద్యోగంలో ఉండగా ఒకసారి వెళ్లాను. ఒక ఆకు చేతిలో పెట్టారు. మధ్యలో చిన్న చిల్లు. పురుగు తినేసింది. ఆ చిల్లులో ఒక అక్షరం పోయింది.

ఇప్పుడు చెప్పండి, ఆ చిల్లు తప్పా? కాదు. అది దెబ్బ. చూసినవాడికి ఇక్కడ ఏదో పోయిందని తెలుస్తుంది. ఆ ఆకుని చూసి ఇంకో ఆకు రాసే లేఖకుడు ఉన్నాడే, వాడు ఆ చిల్లు దగ్గర ఆగి, ‘వాడు’ అని ఉండాల్సిన చోట ‘పాడు’ అని ఊహించి రాసేశాడనుకోండి. ఇప్పుడు అది తప్పు. కొత్త ఆకు మీద చిల్లు లేదు, మరక లేదు, అక్షరం గుండ్రంగా చక్కగా ఉంది. ఎవరికి తెలుస్తుంది? ఎవరికీ తెలియదు. దాన్ని చూసి రాసిన ప్రతి ఆకులోనూ ‘పాడు’ అనే ఉంటుంది.

ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే ఇవాళ నేను చెప్పేది సగం అర్థమైనట్టే. చిల్లు వేరు, తప్పు రాత వేరు. డీఎన్ఏకి దెబ్బ వేరు, మ్యుటేషన్ వేరు. పేపర్లలో రెండూ కలిపేసి రాస్తుంటారు, నాకు అదే చిరాకు. చిల్లుని బాగుచెయ్యొచ్చు. తప్పు రాతని బాగుచెయ్యడం దాదాపు కుదరదు, ఎందుకంటే అది తప్పులా కనిపించదు. కాబట్టి ప్రతి కణం పడే తాపత్రయమంతా ఒక్కటే. కణం రెండుగా విడిపోయే ముందు డీఎన్ఏకి నకలు రాసేదే ఇక్కడ లేఖకుడు. ఆ లేఖకుడు వచ్చే లోపల చిల్లు పూడ్చెయ్యాలి.

చిల్లులు ఎన్ని పడతాయంటారు? మన ఒక్కో కణంలో తల్లి వైపు పుస్తకం ఒకటి, తండ్రి వైపుది ఒకటి. ఒక్కోదాంట్లో సుమారు 320 కోట్ల అక్షరాలు. ఆ పుస్తకాలు రాసి ఉన్న డీఎన్ఏ పోగులన్నీ సాగదీసి వరసగా కలిపితే రెండు మీటర్ల పొడవు, అంటే నాకన్నా పొడుగు. అది కంటికి కనబడని కణంలో, ఇంకా చిన్నదైన కేంద్రకంలో సర్దుకుని ఉంటుంది. ఇంత ముఖ్యమైన పుస్తకం కదా, చాలా గట్టి పదార్థంతో చేసి ఉంటారని 1960ల దాకా చాలామంది అనుకున్నారు. స్వీడన్‌లో తోమాస్ లిండాల్ అనే ఆయన మాత్రం, డీఎన్ఏకి దగ్గరి చుట్టమైన ఆర్ఎన్ఏ కాస్త వేడికే చెడిపోతోంది, మరి డీఎన్ఏ సంగతేమిటి, అని అడిగాడు. చిన్న ప్రశ్న. కొలిచి చూస్తే తేలిందేమిటి? ఏ విషమూ అక్కర్లేదు, ఏ రేడియేషనూ అక్కర్లేదు. ఒట్టి నీళ్లు చాలు. ఒంటి వేడిలో, కణంలో ఉన్న నీళ్లకే, ఒక్కో కణంలో రోజుకి కొన్ని వేల అక్షరాలు, పది వేల దాకా, ఊడి రాలిపోతాయి. ఒక్క కణంలో, ఒక్క రోజులో! మనం ఇక్కడ కూర్చుని కబుర్లు చెప్పుకుంటుండగానే రాలుతున్నాయి.

అంటే బతకడమే దెబ్బ. దీన్ని కొంచెం మనసులో పెట్టుకోండి.

రాలిపోవడం ఒక రకం. ఇంకో రకం నాకు చాలా ఇష్టమైనది. దెబ్బలో ఇష్టమేమిటి అనకండి, దాని వెనక ఉన్న తెలివి ఇష్టం. డీఎన్ఏలో నాలుగు అక్షరాలు, ఎ, టీ, జీ, సీ. ఆర్ఎన్ఏలో టీ బదులు యూ. పిల్లలు పరీక్షలో ఇది బట్టీపట్టి రాస్తారు. ఎందుకు అలా అని ఎవరూ అడగరు. యూతో పని జరిగిపోతుంటే, టీ తయారు చెయ్యడానికి కణం అదనంగా ఖర్చు పెట్టుకోవడమెందుకు?

ఎందుకంటే సీ అనే అక్షరానికి ఒక జబ్బు ఉంది. నీళ్లు తగిలి దాని తోక ఒకటి ఊడిపోతే అది యూ అయిపోతుంది. ఒక్కో కణంలో రోజుకి వంద నుంచి ఐదు వందల దాకా ఇలా అవుతాయి. ఇప్పుడు డీఎన్ఏలో మామూలుగా యూ ఉండేదే అయితే, ఏది అసలు యూ, ఏది చెడిపోయిన సీ? తేడా తెలియదు. కానీ డీఎన్ఏలో యూ ఉండకూడదు. తెలుగు తాటాకు మధ్యలో ఒక తమిళ అక్షరం కనబడిందనుకోండి. చెన్నైలో ఉంటున్నాం, రెండూ మనకి అలవాటే, అయినా వెంటనే పట్టుకుంటాం కదా, ఇది ఇక్కడిది కాదు అని? అలాగే ఒక ఎంజైమ్, అంటే కణంలో పనులు చేసిపెట్టే ప్రొటీన్, పోగు పొడవునా చూసుకుంటూ పోయి, యూ కనబడిన చోట కత్తిరించి పారేస్తుంది. డీఎన్ఏ పోగులు జంటగా ఉంటాయి, జీకి ఎదురుగా ఉండాల్సింది సీయే. కాబట్టి ఎదుటి పోగు చూసి మళ్లీ సీ పెట్టేస్తారు. ఈ ఎంజైమ్‌ని లిండాలే 1974లో కనిపెట్టాడు. ఇలాంటి మరమ్మతుల మీద పనికి 2015లో ఆయనకీ, పాల్ మోడ్రిచ్‌కీ, అజీజ్ సాంజార్‌కీ కలిపి రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు.

అయితే ఈ ఏర్పాటులోనూ ఒక లొసుగు ఉంది. కొన్ని సీల మీద కణం ఒక బొట్టు పెట్టుకుంటుంది, ఈ జన్యువు ఇప్పుడు పని చెయ్యక్కర్లేదు అని గుర్తుగా. ఆ బొట్టున్న సీ చెడిపోతే యూ కాదు, సాక్షాత్తూ టీయే అవుతుంది. అచ్చ తెలుగు అక్షరం! ఇక దాన్ని పట్టుకోవడం కష్టం. మన జన్యువుల్లో మ్యుటేషన్లు ఎక్కడ ఎక్కువ అని వెతికితే, ఆ బొట్టు పెట్టిన చోట్లే ముందు కనబడతాయి.

నీళ్ల సంగతి అయింది. రెండోది గాలి. పీల్చిన ఆక్సిజన్‌తో కణం శక్తి తయారు చేసుకుంటుంది, ఆ పొయ్యిలోంచి నిప్పురవ్వలు ఎగురుతాయి, అవి వెళ్లి జీ మీద పడతాయి. కాలిన జీని లేఖకుడు తప్పు చదువుతాడు. ఇది చెప్పగానే ఎవరో ఒకరు అడుగుతారు, అయితే ఆ రవ్వలని ఆర్పే యాంటీఆక్సిడెంట్ మాత్రలు వేసుకోవాలా మేడమ్ అని. అడగబోయారు కదా మీరు? నవ్వుతున్నారు. ఫిన్లాండ్‌లో పొగ తాగే మగవాళ్లకి కొన్నేళ్లపాటు బీటా కెరోటిన్ మాత్రలు, అంటే క్యారెట్‌లో ఉండే యాంటీఆక్సిడెంటే, ఇచ్చి చూశారు. 1994లో ఫలితాలు వచ్చాయి. మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా ఎక్కువైంది. క్యారెట్ తినండి, దాని జోలికి నేను రాను. మాత్ర మాత్రం వేరే సంగతి.

మూడోది ఎండ. మన ఊరి ఎండ గురించి మీకు నేను చెప్పాలా? ఎండలోని అతినీలలోహిత కిరణం పక్కపక్కన ఉన్న రెండు టీలని అతికించేస్తుంది. చదువుకుంటూ వచ్చే లేఖకుడికి అక్కడ కాలు ఇరుక్కుంటుంది. ఎండలో బాగా మాడితే రెండు రోజుల తర్వాత చర్మం పొరలుగా ఊడుతుంది చూశారా? దెబ్బలు లెక్కకు మించిన కణాలు, ఇక మేం బాగుపడం అని తమంతట తాము చచ్చిపోతాయి. ఊడే పొరలో అవే ఉంటాయి. ఆ అతుకు కత్తిరించే పరికరం పుట్టుకతోనే లేని పిల్లలు కొందరుంటారు. వాళ్లకి పగటి వెలుతురే విషం, చిన్న వయసులోనే చర్మం మీద క్యాన్సర్లు. ఆ పిల్లల కణాలు ఈ మరమ్మతు చేసుకోలేకపోతున్నాయని 1968లో జేమ్స్ క్లీవర్ చూపించాడు.

మరి మొక్కల మాటేమిటి? వేపచెట్టు గొడుగు వేసుకోదు కదా, పొద్దస్తమానం ఎండలోనే. దానికో వరం ఉంది. ఫోటోలయేజ్ అనే ఎంజైమ్, ఎండ వెలుగునే వాడుకుని ఎండ పెట్టిన అతుకుని విప్పేస్తుంది. బాక్టీరియాకి ఉంది, కప్పకి ఉంది, కంగారూకి ఉంది. మనకి లేదు. మనం వేరే దారిలో, ఆ చుట్టుపక్కల ముక్కంతా కత్తిరించి కొత్తగా రాసుకుంటాం. పని జరుగుతుంది, కాస్త నెమ్మదిగా.

ఇప్పుడు మా అమ్మమ్మ సంగతి చెప్పాలి. మాది శ్రీకాకుళం వైపు, సముద్రం ఒడ్డున పల్లె. శ్రీకాకుళం, విశాఖ వాళ్లు ఎవరైనా ఉన్నారా? అయితే మీకు అడ్డపొగ తెలిసే ఉంటుంది. మిగతావాళ్లకి చెబుతాను, నమ్మరేమో. చుట్ట వెలిగించి, వెలిగిన కొసని నోట్లో పెట్టుకుని తాగడం. అవునండీ, నిప్పు లోపల, చల్లటి కొస బయట. ఎక్కువగా ఆడవాళ్లే. మా అమ్మమ్మ తాగేది, మా చిన్నమ్మమ్మ తాగేది. ఎందుకే అలా అని అడిగితే, సముద్రపు గాలికి ఆరిపోదు, చంటిపిల్లని ఎత్తుకున్నప్పుడు నుసి మీద పడదు, అనేది. తర్కం బాగానే ఉంది కదా?

ఆ నిప్పు సెగ, ఆ పొగ నేరుగా తగిలేది ఎక్కడ? అంగిలికి. పొగాకు పొగలో బెంజోపైరీన్ అని ఒకటుంది. నిజానికి అది ఉన్నపళంగా డీఎన్ఏని ఏమీ చెయ్యదు. జిడ్డు పదార్థం, నీళ్లలో కరగదు. దాన్ని కడిగి బయటికి పంపేద్దామని మన కణాలే దానికి ఆక్సిజన్ తగిలిస్తాయి. అలా తగిలించిన రూపం ఉంది చూశారా, అది వెళ్లి జీకి అంటుకుపోతుంది. శుభ్రం చేద్దామని మొదలుపెట్టి మనమే కత్తికి పదును పెట్టామన్నమాట. రోజూ అదే చోట, ముప్ఫై ఏళ్లు, నలభై ఏళ్లు. దానికి తోడు సెగ. సెగకి కాలిన చోట కొత్త చర్మం పుట్టాలి, అంటే లేఖకుడు ఊపిరి తిప్పుకోకుండా రాస్తూనే ఉండాలి. చిల్లులు ఎక్కువ, రాసే తొందరా ఎక్కువ. ఇంకేం కావాలి? లోకంలో మిగతా చోట్ల గట్టి అంగిలికి క్యాన్సర్ అరుదు. మా వైపు అరుదు కాదు. పిండ్‌బోర్గ్, మెహతా అనే పరిశోధకులు మా జిల్లాలో పది వేల మందికి పైగా పల్లెజనం నోళ్లు తెరిపించి చూసి 1971లో అచ్చువేశారు. నేను కాలేజీలో ఆ పేపరు చదువుతుంటే మా వీధి కళ్ల ముందు కనబడింది.

మా చిన్నమ్మమ్మకి అంగిలి మీద పుండు వచ్చింది. మానలేదు. యాభై ఎనిమిదో ఏట పోయింది. మా అమ్మమ్మ అదే చుట్ట, అదే పొగాకు, ఎనభై దాటాక నిద్రలో పోయింది. ఇక మా ఊళ్లో మగాళ్లకి ఇదే ఉదాహరణ. ఆవిడకేం కాలేదు కదా, చుట్టకీ రోగానికీ సంబంధం ఏముంది అని! దీనికి జవాబు ఏమిటో చెప్పండి.

పుస్తకంలో 320 కోట్ల అక్షరాలు ఉన్నాయని చెప్పాను. చిల్లు ఎక్కడ పడుతుందో చుట్టకి తెలియదు. ఎక్కువ చోట్ల పడితే ఏమీ కాదు, ఖాళీ మార్జిన్‌లో పడ్డట్టే. పీ53 అని ఒక జన్యువు ఉంది. కణంలో దెబ్బలు ఎక్కువైతే, ఆగు, ముందు బాగుచేసుకో, కుదరకపోతే చచ్చిపో, అని చెప్పేది అదే. ఇందాక ఎండకి మాడిన కణాలు చచ్చిపోయాయన్నానే, వాటికి ఆ మాట చెప్పింది ఇదే. మనుషుల క్యాన్సర్లలో దాదాపు సగంలో ఈ పీ53 చెడిపోయి ఉంటుంది. చిన్నమ్మమ్మ అంగిలిలో ఏదో ఒక్క కణంలో, ఇలాంటి నాలుగైదు కీలకమైన చోట్ల వరసగా పడి ఉంటాయి. అమ్మమ్మకి పడలేదు. అంతే. చుట్ట ఇద్దరికీ ఒకేలా దెబ్బలు కొట్టింది. ఎన్ని లాటరీ టికెట్లు కొన్నాం అన్నదే మన చేతిలో ఉంది, ఏది తగులుతుందో మన చేతిలో లేదు.

ఏనుగు కణాలు మనకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, మరి దానికి క్యాన్సర్ ఇంకా ఎక్కువ రావాలి కదా? అలా ఎక్కువ రాదు. మనకి పీ53 ప్రతులు రెండు, తల్లిదొకటి, తండ్రిదొకటి. ఏనుగుకి నలభై. 2015లో బయటపడిన సంగతి ఇది. ఎందుకు ఎక్కువ రాదన్నదానికి ఇదొక్కటే జవాబు కాకపోవచ్చు, కానీ మంచి జవాబు.

ఎక్స్‌రేల గురించి రెండు మాటలు. జంట పోగులు రెండూ ఒకే చోట తెగడం దెబ్బల్లో కెల్లా చెడ్డది. ఎక్స్‌రేలు, గామా కిరణాలు ఆ పని చెయ్యగలవు. ఎక్స్‌రేలతో మ్యుటేషన్లు పుట్టించవచ్చని 1927లో హెర్మన్ ముల్లర్ పండ్ల ఈగల మీద చూపించాడు. నిజమే. అలాగని ఛాతీ ఎక్స్‌రే అంటే హడలిపోకండి. నేల నుంచీ ఆకాశం నుంచీ సహజంగా మనకి తగిలేది ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు, రేడియేషన్ మోతాదుకి కొలత అది. ఛాతీ ఎక్స్‌రే సుమారు 0.1. సీటీ స్కాన్ అయితే పది దాకా పోతుంది, కాబట్టి డాక్టరు వద్దన్నా మనమే పట్టుబట్టి తీయించుకోవడం మంచిది కాదు. సెల్ టవర్ తరంగాలకి డీఎన్ఏలోని బంధాలు తెంచే శక్తే లేదు. మా అపార్ట్‌మెంట్‌లో టవర్ వద్దని సంతకాలు సేకరించిన పెద్దమనిషి, ఆ కాగితం నా దగ్గరకి తెచ్చినప్పుడు నోట్లో జర్దా పాన్ ఉంది. నేనేమీ అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

రెండు పోగులూ తెగితే ఏం చూసి బాగుచెయ్యాలి? ఎదుటి పోగు కూడా పోయిందిగా. ఇక్కడ బ్రౌన్ దొర గుర్తొస్తాడు. ఒక కావ్యం ఒక ప్రతిలో చెడిపోయి ఉంటే ఆయనేం చేశాడు? ఊరూరి నుంచి ఇంకో ప్రతి, ఇంకో ప్రతి తెప్పించి, పండితుల్ని కూర్చోబెట్టి పోల్చి చూపించి పాఠం సరిచేయించాడు. కణమూ అదే చేస్తుంది. తెగిన చోటికి అదే పాఠం ఉన్న రెండో ప్రతిని తెచ్చి పక్కన పెట్టుకుని చూసి రాస్తుంది. అలా పక్కన పెట్టించే పండితుల్లో ఇద్దరి పేర్లు మీరు వినే ఉంటారు, బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువులు. పుట్టుకతో వీటిలో లోపం ఉన్న ఆడవాళ్లకి రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ ముప్పు ఎందుకు ఎక్కువో ఇప్పుడు తెలిసిందిగా. ఈ విద్యలో అందర్నీ మించినది ఒక బాక్టీరియా. 1956లో అమెరికాలో మాంసం డబ్బాలని గామా కిరణాలతో శుద్ధి చేసి చూస్తుంటే, అయినా ఒక డబ్బా చెడిపోయింది. లోపల ఇది హాయిగా ఉంది. ఒంట్లోకి దిగిన రేడియేషన్‌ని గ్రేల్లో కొలుస్తారు, మనిషిని చంపడానికి ఐదు గ్రేలు చాలు. ఇది ఐదు వేలు తట్టుకుంటుంది. దాని పుస్తకం వందల ముక్కలవుతుంది, కొన్ని గంటల్లో మళ్లీ కుట్టేసుకుంటుంది. దాని దగ్గర ప్రతులు చాలా ఉంటాయి మరి.

ఇక మనవాడి గురించి చెప్పకుండా దిగిపోతే పాపం. యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, ఇక్కడే, మన మద్రాసు మెడికల్ కాలేజీలో చదివాడు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆయనకీ అదే వచ్చి బతికి బయటపడ్డాడు. ఆ జబ్బులో ఒంట్లో కరువయ్యే ఫోలిక్ యాసిడ్‌నే అమెరికా వెళ్లాక ఆయన బృందం తయారు చేసింది. ఇందాకటి టీ, యూ గుర్తున్నాయా? టీ తయారు కావడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. అది లేకపోతే కణంలో టీ ఉండదు, లేఖకుడు గత్యంతరం లేక యూ పెడతాడు. మరమ్మతు ఎంజైమ్ వచ్చి, ఇది తమిళ అక్షరం, అని కత్తిరిస్తుంది. పూడ్చడానికి టీ ఏదీ? మళ్లీ యూయే. మళ్లీ కత్తిరింపు. కత్తిరించీ కత్తిరించీ చివరికి పోగే తెగిపోతుంది. బాగుచేసేవాడే కొంప ముంచుతాడు.

సుబ్బారావు బృందం దీన్నే ఆయుధం చేసింది. ఫోలిక్ యాసిడ్‌లా కనిపించి దాని పని చెడగొట్టే మందులు తయారు చేసి అమెరికాలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరుకి ఇచ్చింది. రక్త క్యాన్సర్‌తో చావుకి దగ్గరైన పిల్లలు కొందరు ఆ మందుతో కొన్నాళ్లైనా లేచి తిరిగారు. 1948 జూన్‌లో అచ్చయింది ఆ సంగతి. ఆగస్టులో సుబ్బారావు పోయాడు. ఆ మందుల కుటుంబంలోదే మెథోట్రెక్సేట్, ఇవాళ్టికీ వాడుతున్నారు. క్యాన్సర్ కణం ఆగకుండా రాసుకుంటూ పోతుంది కాబట్టి టీ కరువు దానికే ముందు తగులుతుంది. మన నోటి లోపలి చర్మం, ఎముకల్లోని మూలుగ కూడా ఆగకుండా రాసేవే. కీమో తీసుకునేవాళ్లకి నోరు పూయడం అందుకే.

నా టైము అయిపోయిందని చెయ్యి చూపిస్తున్నారు. ప్రశ్నలుంటే ఒకటో రెండో.

ఏమిటమ్మా? వేరుశనగ గుళ్లకి బూజు పడితే వేయించుకుంటే సరిపోతుందా అంటున్నారు. మంచి ప్రశ్న, అసలు నేనే చెప్పాల్సింది, మరిచిపోయాను. సరిపోదమ్మా. ఆ బూజు తయారు చేసేదాన్ని అఫ్లాటాక్సిన్ అంటారు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే కారణం వెతికారు, మేతలో కలిపిన వేరుశనగ చెక్కలో దొరికింది ఇది. పొగలో చెప్పిన కథే, కాలేయం దీనికి ఆక్సిజన్ తగిలించి పదును పెడుతుంది, అది జీని పట్టుకుంటుంది. వేయిస్తే కొంత తగ్గుతుందేమో గానీ పూర్తిగా పోదు. గింజ తడి ఆరకుండా మూట కట్టకూడదు. ముడుచుకున్నది, రంగు మారినది, నోట్లో వేసుకుంటే చేదు తగిలినది, ఊసెయ్యండి. మంచి గింజల్లోంచి చెడ్డవి ఏరి పారెయ్యడమే అన్నిటికన్నా మేలైన పద్ధతి. మా అమ్మమ్మ చాటలో పోసుకుని ఒక్కో గింజా తిప్పి చూసి ఏరేది, ఒక్క బూజు గింజ పోనిచ్చేది కాదు. నోట్లో చుట్ట అలా వెలుగుతూనే ఉండేది.